ఫిలడెల్ఫియాలో నది ఒడ్డున గుడిలాంటి పంపుహౌస్: దీని కథ తెలిసినవాళ్ళు చెప్పండి

పొన్నూరు_రోడ్డు | ఏప్రిల్ 27, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి నెలన్నర అయింది. ఈ ఆదివారం ఆయన్ని, పాపని తీసుకుని ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియంకి వెళ్ళాను. అందరూ ఫొటోలు దిగే ముందు మెట్ల వైపు జనం ఎక్కువగా ఉన్నారని వెనక నుంచి స్కూకిల్ నది ఒడ్డుకి దిగాం. అక్కడ తెల్లటి స్తంభాలతో వరసగా చిన్న చిన్న గుళ్ళలాంటి కట్టడాలు ఉన్నాయి. వాటి మధ్య వెడల్పాటి వరండా, ఎదురుగా నదికి అడ్డంగా ఆనకట్ట, దాని మీంచి నీళ్ళు దూకుతున్న చప్పుడు.

నాన్న పాతికేళ్ళు హెడ్ వాటర్ వర్క్స్‌లో పంపు ఆపరేటర్‌గా చేశారు. వరండా మీద నాలుగడుగులు వేసి ఆగిపోయారు. చేతికర్రతో నేల మీద రెండు సార్లు కొట్టి, "అమ్మా, ఇది నేల కాదు, కప్పు. కింద గుల్లగా ఉంది. యంత్రాలు ఉండేవేమో" అన్నారు. బోర్డు చూస్తే నిజంగానే 'ఫెయిర్‌మౌంట్ వాటర్ వర్క్స్' అని ఉంది. మేం వెళ్ళేసరికి లోపల మూసేశారు. నాన్న ఇంటికి వచ్చినప్పటి నుంచీ అదే అడుగుతున్నారు. పంపు ఎలా తిరిగేది, కరెంటు లేని రోజుల్లో అంత నీళ్ళు ఎలా ఎక్కించారు, గుడిలా ఎందుకు కట్టారు అని. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి, చదివి వినిపిస్తాను.

రాళ్ళలో_చరిత్ర | ఏప్రిల్ 27, రాత్రి 11:15

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన కర్ర సరిగ్గా చెప్పింది. మీరు నిలబడ్డ వరండా మిల్ హౌస్ (పంపులు తిరిగిన భవనం) పైకప్పే. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను, నాకు ఇక్కడ అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

కథ 1793లో మొదలవుతుంది. అప్పుడు ఫిలడెల్ఫియా దేశ రాజధాని. ఆ వేసవిలో వచ్చిన పచ్చజ్వరానికి (యెల్లో ఫీవర్) దాదాపు 5,000 మంది పోయారు. ఊరి జనాభా 50,000 ఉంటే పదోవంతు! కుళ్ళు, దుర్గంధం, మురికి నీళ్ళ వల్లే జ్వరం వస్తోందని నమ్మారు. ఇళ్ళ బావుల పక్కనే మరుగుదొడ్లు ఉండేవి. దాంతో నది నుంచి శుభ్రమైన నీళ్ళు తేవాలని ఊరు నిర్ణయించుకుంది. బెంజమిన్ లాట్రోబ్ అనే ఇంజనీరుకి పని అప్పగించారు. ఆయన ఒక ఆవిరి యంత్రాన్ని నది ఒడ్డున, ఇంకోదాన్ని ఊరి నడిబొడ్డున పెట్టి 1801లో నీళ్ళు వదిలాడు. ఇప్పుడు సిటీ హాల్ ఉన్న చోటే ఆ రెండో పంపుహౌస్ ఉండేది. పైపులంటే ఇనుపవి కాదు. చెట్ల మానుల్ని నడిమికి తొలిచి, ఒక మొదలు సన్నగా చెక్కి, ఇంకోదానిలో దూర్చేవాళ్ళు. ఇబ్బంది ఏమిటంటే, రెండు యంత్రాల్లో ఏది ఆగినా ఊరంతటికీ నీళ్ళు ఆగిపోయేవి. పైన చెక్క తొట్లలో నిలవ ఉండేది అరగంటకి కూడా చాలేది కాదు.

లాట్రోబ్ దగ్గర పనిచేసిన ఫ్రెడెరిక్ గ్రాఫ్ 1805లో సూపరింటెండెంట్ అయ్యాడు. నా దృష్టిలో ఈ కథకి నాయకుడు ఆయనే. ఊరి చివర ఫెయిర్‌మౌంట్ గుట్ట మీద రిజర్వాయర్ కట్టి, గుట్ట కింద ఇంజన్ హౌస్ పెట్టి 1815లో నడిపించాడు. సుమారు 100 అడుగులు పైకి కొడితే చాలు, ఆ తర్వాత వాలు మీద నీళ్ళు వాటంతట అవే ఊళ్ళోకి వెళ్ళిపోతాయి. ఇప్పుడు ఆ రిజర్వాయర్ ఉన్న చోటే ఆర్ట్ మ్యూజియం ఉంది. అంటే మీరు మ్యూజియం నుంచి దిగిన దారి ఒకప్పుడు నీళ్ళు ఎక్కిన దారి.

ఆవిరి మాత్రం ఏడిపించింది. కట్టెలు బండ్ల కొద్దీ కావాలి. 1818లో ఒకసారి, 1821లో ఒకసారి బాయిలర్లు పేలి ముగ్గురు చనిపోయారు. అప్పుడు నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, నీటి చక్రాలతోనే పంపులు తిప్పడం మొదలుపెట్టారు. 1822లో చక్రాలు తిరిగాయి, ఆవిరి ఆగింది. నదిలో కొంత నీరు తన బలంతో ఇంకొంత నీటిని గుట్ట ఎక్కించడం అన్నమాట. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే!

గుడిలా ఎందుకు కట్టారంటే, అప్పట్లో గ్రీకు, రోమన్ పోకడ గౌరవానికి గుర్తు. ఊరి సొమ్ముతో ఊరి కోసం కట్టింది కాబట్టి ప్రతి పౌరుడూ వచ్చి చూసి గర్వపడాలి అనుకున్నారు. మీకు చిన్న గుళ్ళలా కనిపించిన వాటిలో ఒకటి కేర్‌టేకర్ ఇల్లు, ఒకటి వాటర్ కమిటీ ఆఫీసు.

మంజీర_తీరం | ఏప్రిల్ 28, ఉదయం 6:05

నేను హైదరాబాదులో నీటి సరఫరా పనిలోనే రిటైర్ అయ్యాను. మీ నాన్నగారి ప్రశ్న పంపు గురించి కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను.

మొదట పెట్టినవి పెద్ద చెక్క చక్రాలు. ఆనకట్ట వెనక నిలిచిన నీరు చక్రం నడుము ఎత్తున వచ్చి పడుతుంది, చక్రం తిరుగుతుంది, దానికి కట్టిన రాడ్ పంపులో పిస్టన్‌ని ముందుకీ వెనక్కీ లాగుతుంది. రెండు వైపులా నీళ్ళు తోసే పంపు అది, అందుకే ధార తెగదు. 1843 నాటికి అలాంటి చక్రాలు ఎనిమిది అయ్యాయి.

ఒక చిక్కు ఉంది. ఆ ఆనకట్ట కింది నదిలో ఆటుపోట్లు ఉంటాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దిగువ నీటిమట్టం పెరిగి చక్రం అడుగు మునిగిపోతుంది. అంటే నీళ్ళు పడే ఎత్తు తగ్గుతుంది, పైగా మునిగిన రెక్కల్ని వెనక నీరు పట్టుకుంటుంది. ప్రతి పోటుకీ చక్రాలు ఆపాల్సి వచ్చేది. రోజుకి రెండు సార్లు! ఊరు పెరిగిపోతుంటే అన్ని గంటలు పంపు ఆపడమంటే ఎంత టెన్షనో ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. 1851లో జోన్వాల్ టర్బైన్ పెట్టారు. అది నీళ్ళలో మునిగి ఉండే తిరుగుతుంది, పోటు వచ్చినా ఆగదు. అది బాగుందని తేలాక 1860ల మొదట్లో కొత్త మిల్ హౌస్ కట్టి పెద్ద టర్బైన్లు దించారు. తర్వాత పాత చక్రాల్ని కూడా తీసేశారు.

మా గండిపేట నీళ్ళయితే పంపు లేకుండానే వాలు మీద ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వచ్చేవి. ఎత్తు దొరికితే దాన్ని వదులుకోకూడదని మా పెద్ద ఇంజనీర్లు పదే పదే అనేవారు. గ్రాఫ్ గుట్ట మీద రిజర్వాయర్ కట్టడంలో ఉన్నది కూడా ఆ లెక్కే.

కోఠి_కబుర్లు | ఏప్రిల్ 28, ఉదయం 8:30

పచ్చజ్వరం నీళ్ళ వల్ల రాదు కదా? దోమ వల్ల కదా?

రాళ్ళలో_చరిత్ర | ఏప్రిల్ 28, ఉదయం 9:02

అవునండి. ఏడిస్ దోమ, ఇవాళ మనకి డెంగ్యూ తెచ్చేదే. ఆ విషయం తేలింది 1900లో. దానికి మూడేళ్ళ ముందు, 1897 ఆగస్టులో, మీ సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1793లో ఆ సంగతి ఎవరికి తెలుసు? కారణం తప్పు, చేసిన పని మాత్రం ఊరికి మేలు చేసింది. మంటలార్పడానికి నీళ్ళు దొరికాయి, వీధులు కడిగారు, ఇళ్ళలో కుళాయిలు వచ్చాయి.

బందరు_కాలువ | ఏప్రిల్ 28, మధ్యాహ్నం 1:20

అమెరికాలో ఇదే మొదటి వాటర్ వర్క్సా?

రాళ్ళలో_చరిత్ర | ఏప్రిల్ 28, మధ్యాహ్నం 1:48

కాదండి. ఇదే పెన్సిల్వేనియాలో బెత్లెహెం అనే ఊళ్ళో అంతకంటే ముందే నీటి చక్రంతో పంపు చేశారు. అక్కడి 1762 నాటి రాతి పంపుహౌస్ ఇంకా నిలబడి ఉంది, వీలైతే చూడండి. కానీ ఒక మహానగరం మొత్తానికి, అదీ పౌరుల సొమ్ముతో, ఈ స్థాయిలో చేసి చూపించింది ఫిలడెల్ఫియానే.

తంగేడు | ఏప్రిల్ 28, సాయంత్రం 7:10

అయ్యో, నేను ఆ భవనంలో అన్నం తిన్నాను, ఇదంతా తెలియదు! పోయిన ఏడాది మా చిన్నమ్మ కొడుకు రిసెప్షన్ అక్కడే జరిగింది. పాత ఇంజన్ హౌస్‌ని ఇప్పుడు ఫంక్షన్‌లకి ఇస్తున్నారు. సాయంత్రం పూట దీపాలు వెలిగించాక ఆ స్తంభాల నీడ నీళ్ళలో పడుతుంటే మా అమ్మమ్మ "ద్రాక్షారామం కోనేరు గుర్తొస్తోంది" అంది. వాన పడితే ఎలా అని భయపడ్డాం కానీ పడలేదు.

మంజీర_తీరం | ఏప్రిల్ 28, రాత్రి 8:45

బాగా జరిగినందుకు సంతోషం తల్లీ. కానీ నా మనసులో మాట చెప్తాను. ప్రాణాలు పోయిన ఇంజన్ రూములో పెళ్ళి విందులా? ఇలాంటి చోట పని నేర్చుకునే పిల్లలు కనపడాలి, యంత్రం కనపడాలి. డబ్బున్నవాళ్ళు ఒక రాత్రికి తీసుకునే హాలుగా మారితే ఊరి సొత్తు ఊరికి దూరమైనట్టే. మా వైపు పాత కట్టడాలు ముందు ఫంక్షన్ హాలు అవుతాయి, తర్వాత పార్కింగ్ కోసం పక్క గోడ కూలుతుంది, ఆ తర్వాత అసలు ఏముండేదో ఎవరికీ గుర్తుండదు. కళ్ళారా చూశాను.

రాళ్ళలో_చరిత్ర | ఏప్రిల్ 28, రాత్రి 11:50

మంజీర గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒక సంగతి వినండి.

1822లో ఆవిరి ఆగిపోయాక ఇంజన్ హౌస్ ఖాళీ అయింది. 1835లో దాన్ని వచ్చేపోయేవాళ్ళకి తిండి, పానీయాలు ఇచ్చే సెలూన్‌గా మార్చారు. పక్క గదిలో చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. అంటే ఆ భవనంలో విందు మొదలై దాదాపు 200 ఏళ్ళు. జనం పడవల్లో వచ్చి, తోటలో తిరిగి, చక్రాలు చూసి, ఏదో తిని వెళ్ళేవాళ్ళు. గ్రాఫ్ దాన్ని మూసిన ఫ్యాక్టరీలా ఉంచలేదు. జనం ప్రేమించారు కాబట్టే అది మిగిలిందని నేను నమ్ముతాను.

1909లో పంపులు ఆగాయి (ఎందుకో రేపు రాస్తాను, అదే అసలు కథ). 1911లో మిల్ హౌస్‌లో అక్వేరియం పెట్టారు. చేపలు, సీల్స్. 1962 దాకా నడిచింది. ఇప్పటి పెద్దవాళ్ళలో చాలామందికి ఆ భవనం అంటే చిన్నప్పుడు స్కూలు వాళ్ళతో వెళ్ళి సీల్‌ని చూసిన చోటు. ఆ తర్వాత కొంత భాగం ఈతకొలను అయింది, అది 1970ల మొదట్లో మూతపడింది. ఆపైన చాలా ఏళ్ళు పాడుబడింది. కప్పు కారింది, గోడల మీద పిచ్చి రాతలు. 1976లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించినా ఒక్కరోజులో బాగుపడలేదు. కొంచెం కొంచెంగా డబ్బు పోగేసి కప్పు, స్తంభాలు, మెట్లు బాగుచేసి, 2003లో ఊరి నీటి శాఖే దిగువన పాత మిల్ హౌస్‌లో నీటి గురించి చెప్పే కేంద్రాన్ని తెరిచింది. పిల్లలు బస్సుల్లో వస్తారు. హాలు మీద వచ్చే అద్దె ఒక వైపు, పిల్లలు ఒక వైపు. పైన పెళ్ళి, కింద పాఠం. నాకైతే ఇందులో తప్పు కనపడదు.

మంజీర_తీరం | ఏప్రిల్ 29, ఉదయం 5:50

1835 సంగతి నాకు తెలియదు. సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగం కోసం రేపటి పోస్టు చూస్తాను.

బందరు_కాలువ | ఏప్రిల్ 29, ఉదయం 10:15

మా ఊళ్ళో పాత పంపుహౌస్ ఉండేది. ఎర్ర ఇటుక, ఆర్చీ కిటికీలు, తలుపు మీద ఇనుప అక్షరాలతో కట్టిన సంవత్సరం. చిన్నప్పుడు మా బాబాయి సైకిల్ మీద తీసుకెళ్ళేవాడు. లోపల నూనె వాసన, చల్లటి గచ్చు, ఒక మూల ఆపరేటర్ గారి మంచినీళ్ళ కుండ. పదేళ్ళ నుంచి తాళం. తీయమని, కనీసం కప్పు వేయమని మేం నలుగురం అర్జీ పెట్టుకున్నాం. మూడు సార్లు తిరిగాం. ఫైలు పైన ఉందన్నారు. పోయిన వానల్లో వెనక గోడ పడిపోయింది. ఫిలడెల్ఫియా వాళ్ళు చేపలు పెట్టినా, ఈత నేర్పినా, పెళ్ళి చేసినా నాకు సమ్మతమే. తలుపు తెరిచి ఉంది కదా.

తంగేడు | ఏప్రిల్ 29, ఉదయం 11:30

బందరు అన్నా, ఆ గోడ ఫొటోలు ఉంటే పెట్టండి. ఆ ఇనుప అక్షరాలు ఎవరైనా ఎత్తుకుపోకముందే.

రాళ్ళలో_చరిత్ర | ఏప్రిల్ 29, రాత్రి 10:20

చెప్పిన ప్రకారం.

ఫెయిర్‌మౌంట్ పంపులు చెడిపోయి ఆగలేదు. నది చెడిపోయి ఆగాయి. ఎగువన బొగ్గు గనులు, అద్దకం మిల్లులు, కబేళాలు, ఊళ్ళ మురుగు అన్నీ స్కూకిల్‌లోకే. ఊరివాళ్ళు చూస్తూ ఊరుకోలేదు. 1844లో పంపుహౌస్‌కి కాస్త ఎగువన ఉన్న లెమన్ హిల్ ఎస్టేట్‌ని కొన్నారు. అక్కడ ఫ్యాక్టరీలు రాకుండా ఉంటే నీళ్ళు బాగుంటాయని. 1855లో దాన్ని పార్కు చేశారు. తర్వాత నదికి రెండు వైపులా కొంటూ పోయారు. ఇవాళ మనం పిల్లల్ని తీసుకెళ్ళి వంటలు చేసుకునే ఫెయిర్‌మౌంట్ పార్కు పుట్టింది అలా. అది మంచినీళ్ళ కోసం కొన్న భూమి.

కానీ నది పార్కు హద్దు దగ్గర పుట్టదు కదా. ఆ పై ఊళ్ళ మీద ఫిలడెల్ఫియాకి అధికారం లేదు. టైఫాయిడ్‌తో ఏటా వందల మంది పోయేవాళ్ళు. చివరికి ఇసుక ఫిల్టర్ల ప్లాంట్లు కట్టుకున్నారు, గుట్ట కింద అంత చోటు లేదు కాబట్టి ఫెయిర్‌మౌంట్‌ని వదిలేశారు. ఇప్పుడు ఊరికి నీళ్ళు డెలావేర్, స్కూకిల్ రెండు నదుల నుంచీ వస్తాయి. శుద్ధి చేసేవి మూడు ప్లాంట్లు: బ్యాక్స్‌టర్, బెల్మాంట్, క్వీన్ లేన్.

విలియం రష్ అనే శిల్పి 1825లో ఈ భవనం కోసం రెండు చెక్క బొమ్మలు చెక్కాడు. ఒకటి గొలుసులతో కట్టేసిన గడ్డం ముసలాయన, అంటే ఆనకట్టలకి లొంగిన నది. ఇంకోటి నీటి చక్రం పక్కన కూర్చున్న స్త్రీ. పాలరాయిలా కనిపించాలని తెల్ల రంగు వేశారు. అసలు బొమ్మలు ఇప్పుడు గుట్ట మీద మ్యూజియంలో ఉన్నాయి. ఆ ముసలాయన ముఖం దగ్గరగా చూడండి. నాకెప్పుడూ అది గెలుపు బొమ్మలా అనిపించలేదు.

కోఠి_కబుర్లు | ఏప్రిల్ 29, రాత్రి 11:05

ఇది చదువుతుంటే 111 జీవో గుర్తొచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 ఊళ్ళలో పెద్ద కట్టడాలు, కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు.

మంజీర_తీరం | ఏప్రిల్ 30, ఉదయం 6:00

నేను రాయాలనుకున్నది మీరు రాశారు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో వచ్చిన చెరువులవి. ఒకటి 1920, ఒకటి 1927. వరద ఆపడానికి కట్టి, ఊరికి నీళ్ళు తాగించారు. అక్కడ ఊళ్ళవాళ్ళ కష్టం కూడా నిజమే. పాతికేళ్ళు తమ సొంత భూమిలో తమకి నచ్చింది కట్టుకోలేకపోయారు, వాళ్ళకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఫిలడెల్ఫియా డబ్బు పెట్టి భూమి కొంది, మనం కాగితం మీద ఆపాం. కొన్నంత మేర వాళ్ళకి ఇప్పటికీ చెట్లున్నాయి. నాకు ఈ తేడా ముఖ్యం అనిపిస్తోంది.

గౌతమి_పాయ | ఏప్రిల్ 30, మధ్యాహ్నం 2:30

పార్కు సరే, చేపల సంగతి ఎవరూ ఎత్తలేదే? ఆ ఆనకట్ట వల్ల షాడ్ చేప పైకి వెళ్ళడం ఆగిపోయింది. షాడ్ అంటే మన పులస లాంటిదే. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ఇక్కడ మనవాళ్ళు పులస దొరక్క దాన్నే కొని పులుసు పెడతారు, ముళ్ళు కూడా అన్నే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో వచ్చాక గోదారిలో పులసకి ఏమైందో స్కూకిల్‌లో షాడ్‌కి అంతకు 30 ఏళ్ళ ముందే అయింది. వీళ్ళు 1979లో వాటర్ వర్క్స్‌కి అవతలి ఒడ్డున చేపల మెట్లు కట్టారు. మెట్లు మెట్లుగా చిన్న తొట్లు, ఒక్కో దాన్నుంచి పైదానిలోకి చేప ఎగబాకుతుంది. 2009లో బాగుచేశారు. నీళ్ళలో కెమెరా పెట్టి ఎన్ని ఎక్కాయో లెక్క చూస్తారు. సీజన్ ఇదే, వసంతం. పొన్నూరు_రోడ్డు గారూ, మీ నాన్నగారిని అటు కూడా తీసుకెళ్ళండి.

కొల్లేటి_కొంగ | ఏప్రిల్ 30, సాయంత్రం 5:45

చేప ఆగితే ఆల్చిప్ప కూడా ఆగుతుంది. మంచినీటి ఆల్చిప్ప పిల్లలు పుట్టగానే చేప మొప్పలకి అతుక్కుని కొన్ని వారాలు బతికి, తర్వాత రాలి అడుగున స్థిరపడతాయి. చేప ఎక్కని చోటికి అవీ చేరలేవు. పెరిగిన ఆల్చిప్ప ఒక్కోటి రోజుకి 10 గాలన్ల దాకా నీళ్ళు వడగడుతుంది. 2017లో ఆ పాత మిల్ హౌస్‌లోనే ఆల్చిప్ప పిల్లల్ని పెంచే చిన్న హేచరీ పెట్టారు. గాజు వెనక కనపడుతుంది, నేను అరగంట నిలబడిపోయాను. నీళ్ళు ఎక్కించిన గదుల పక్కన ఇప్పుడు నీళ్ళు వడగట్టే జీవాలు పెరుగుతున్నాయి.

తంగేడు | ఏప్రిల్ 30, రాత్రి 8:00

వెళ్ళే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. 2021 సెప్టెంబరులో ఇడా తుఫానుకి నది పొంగి ఆ కేంద్రం మునిగిపోయింది. మేం అప్పుడు ఊళ్ళోనే ఉన్నాం. వైన్ స్ట్రీట్ హైవే కాలువలా నిండిపోయింది. దిగువ గదులు నదికి అంత దగ్గర, ఏం చేయగలరు. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ తెరిచారు.

పొన్నూరు_రోడ్డు | మే 4, రాత్రి 10:10

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మీరు రాసినవన్నీ నాన్నకి చదివి వినిపించాను. పోటు వస్తే చక్రం ఆగిపోయేదన్న మాట రెండు సార్లు చదివించుకున్నారు.

ఇవాళ ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళాం. కింద కేంద్రంలో పాప ఆల్చిప్పల దగ్గర కదలనంది. నాన్న అక్కడి అమ్మాయితో (విజిటర్లకి చెప్పే ఆవిడ) నా ద్వారా చాలా సేపు మాట్లాడారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉండేవాళ్ళు?" అని. ఆవిడ నవ్వి, ఇప్పటిదాకా ఎవరూ అది అడగలేదంది.

తర్వాత వంతెన దాటి అవతలి ఒడ్డుకి వెళ్ళాం. చేపల మెట్ల దగ్గర ఒక పావుగంట నిలబడ్డాం కానీ మాకు ఒక్కటీ కనపడలేదు. నాన్న మాత్రం రెయిలింగ్ పట్టుకుని ఆనకట్ట వైపే చూస్తున్నారు. పోటు సమయం ఎప్పుడో ఫోన్‌లో చూడమన్నారు. సాయంత్రం ఆరు దాటాక అని వచ్చింది. "అయితే ఉందాం, దిగువ నీళ్ళు ఎంత లేస్తాయో చూద్దాం" అన్నారు. పాపకి బిస్కెట్ ప్యాకెట్ కొనిచ్చి, ముగ్గురం అక్కడే గడ్డి మీద కూర్చున్నాం. ఒడ్డున ఒక రాయిని గుర్తు పెట్టుకున్నారు. ఆరుంపావుకి ఆ రాయి మునిగింది.